రెండో మెట్టు మీద ఆగిన పాటలు

1981 ఫిబ్రవరిలో బ్రిటన్ సింగిల్స్ చార్టు పైభాగంలో ఒక చిత్రమైన వరస కనిపిస్తుంది. అల్ట్రావాక్స్ బృందం పాట ‘వియన్నా’ రెండో స్థానానికి వచ్చింది. దాని పైన జాన్ లెనన్ ‘ఉమన్’ ఉంది. లెనన్‌ను న్యూయార్క్‌లో కాల్చి చంపి అప్పటికి రెండు నెలలే. ఆయన రికార్డు కొనడం ఆ రోజుల్లో చాలామందికి నివాళి లాంటిది. మరుసటి వారం ‘ఉమన్’ దిగిపోయింది, ‘వియన్నా’ మాత్రం ఎక్కలేదు. ఇటాలియన్ యాసను అనుకరిస్తూ జో డోల్చే పాడిన హాస్యగీతం ‘షడప్ యూ ఫేస్’ పైకి దూకి మూడు వారాలు అక్కడే కూర్చుంది. అలా మొత్తం నాలుగు వారాలు ‘వియన్నా’ రెండో మెట్టు మీదే నిలిచి, ఆ తర్వాత కిందికి దిగింది.

బీబీసీ రేడియో 2, బ్రిటన్ చార్టులు తయారుచేసే అఫీషియల్ చార్ట్స్ కంపెనీ కలిసి 2012లో శ్రోతలను ఒక ప్రశ్న అడిగాయి. రెండో స్థానం దాటని పాటల్లో మీకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏది? ‘వియన్నా’ గెలిచింది. పోగ్స్ బృందం కర్స్టీ మెకాల్‌తో కలిసి పాడిన ‘ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్’ దాని వెనకే వచ్చింది. అరవై ఏళ్ల చార్టు చరిత్రను జనం ముందు పెడితే మొదటి రెండు స్థానాలూ 1980ల పాటలకే దక్కాయన్నమాట. అందుకే ఈ ప్రశ్నను ఆ దశాబ్దానికి, బ్రిటన్, అమెరికా చార్టులకు పరిమితం చేసి చూడాలనుకున్నాను. 1980లలో రన్నరప్‌గా మిగిలిన పాటల్లో మేటి ఏది అని అభిమానులు ఓటు వేస్తే, ఆ ఓటు నిజానికి దేన్ని కొలుస్తోంది?

నా అభిప్రాయం ముందే చెబుతాను. చాలామంది ఆ పాటకు జరిగిందని తాము నమ్మే అన్యాయానికి ఓటు వేస్తున్నారు. పైన కూర్చున్న పాట ఎంత తేలికగా కనిపిస్తే కింద ఉన్న పాటకు అన్ని ఓట్లు పెరుగుతున్నాయి. దీనివల్ల మంచి పాటకు గట్టి పోటీలో ఓడిన మరో మంచి పాట వెనకబడిపోతోంది. రన్నరప్ పాటల మీద అభిమానులు ఇంత ప్రేమ చూపడం నాకు ఇష్టం. ఆ ప్రేమ సరైన చోట పడాలనే ఈ తాపత్రయం.

తెలుగు శ్రోతకు పాటల వరస మీద ఉత్కంఠ కొత్తేమీ కాదు. రేడియో సిలోన్‌లో 1952లో మొదలైన బినాకా గీత్‌మాలా కోసం, హిందీ అంతంత మాత్రంగా వచ్చినవాళ్లు కూడా బుధవారం రాత్రి రేడియో చుట్టూ చేరేవారు. ఏ పాట పైకెక్కింది, ఏది జారింది అన్నది అమీన్ సయానీ గొంతులో వింటే క్రికెట్ స్కోరు విన్నంత ఆత్రంగా ఉండేది. మన వివిధ భారతి జనరంజనిలో వరసలు లేవు, ఒక పాటకూ దాన్ని కోరినవారి పేర్ల జాబితాకూ మధ్య ఉన్న బంధమే ఉంది. ఆ పేర్లు వినిపించాలని కార్డులు రాసిన అభిమానానికీ, నలభై ఏళ్ల కిందటి పాట ఎందుకు మొదటిది కాలేదని ఇప్పుడు ఓటు వేసే అభిమానానికీ మూలం ఒకటే.

ఓటు గురించి మాట్లాడే ముందు అసలు ‘రెండో స్థానం’ ఎలా పుట్టేదో చూడాలి. దశాబ్దం మొత్తం మీద పెట్టే ఓటింగులు దీన్ని దాటేసి నేరుగా పాటల జాబితాలోకి వెళ్లిపోతాయి.

1980ల బ్రిటన్ చార్టు అమ్మకాల మీద ఆధారపడింది. అయితే దేశంలోని ప్రతి దుకాణం లెక్కా అందులో ఉండేది కాదు. నమూనాగా ఎంచుకున్న కొన్ని వందల దుకాణాల లెక్కే దేశం లెక్క. 1982 దాకా బీఎంఆర్‌బీ సంస్థ, దుకాణాలవాళ్లు డైరీల్లో రాసి పంపిన వివరాలతో చార్టు కట్టేది. 1983 నుంచి గాలప్ సంస్థ ఆ పని చేపట్టి దుకాణాల్లో ఎలక్ట్రానిక్ యంత్రాలు పెట్టింది. ఏ దుకాణాలు లెక్కలోకి వస్తాయో రికార్డు కంపెనీల మనుషులకు తెలిసిపోతుండేది. ఆ దుకాణాలకు ఉచితంగా రికార్డులు ఇవ్వడం, కానుకలు ముట్టజెప్పి లెక్కలు పెంచమనడం సాగింది. గ్రనడా టెలివిజన్ వారి ‘వరల్డ్ ఇన్ యాక్షన్’ కార్యక్రమం 1980లో ఈ బాగోతాన్ని తెరకెక్కించింది. ఒకటి, రెండు స్థానాల మధ్య తేడా స్వల్పంగా ఉన్న వారాల్లో ఇలాంటి నెట్టుళ్లు ఎంత పని చేసి ఉంటాయో ఊహించుకోవచ్చు.

అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 లెక్క ఇంకా మెత్తటిది. 1958 ఆగస్టులో మొదలైన ఈ చార్టు అమ్మకాలనూ రేడియో ప్రసారాలనూ కలిపి కట్టేది. కానీ 1980లలో దుకాణాలు ఎన్ని రికార్డులు అమ్మామన్న అంకె చెప్పేవి కావు. ఏది బాగా పోతోంది, దాని తర్వాత ఏది అని వరస మాత్రమే చెప్పేవి. రేడియో స్టేషన్లు తమ ప్లేలిస్టులు పంపేవి. బార్‌కోడ్ చదివి అమ్మకాన్ని లెక్కించే సౌండ్‌స్కాన్, ప్రసారాన్ని యంత్రంతో పసిగట్టే బీడీఎస్, రెండూ హాట్ 100లోకి వచ్చింది 1991 నవంబరు చివర్లోనే. అంటే 1980ల అమెరికా చార్టులో మొదటి పాటకూ రెండో పాటకూ మధ్య దూరం ఎంతో కొలిచి చెప్పగల అంకె లేదు. నలుగురు దుకాణదారులు ఆ వారం ఫోన్లో మరో మాట చెప్పి ఉంటే తారుమారయ్యేవి కొన్నైనా ఉంటాయి. రన్నరప్ అన్న మాటను ఆటల్లో వాడినంత నిక్కచ్చిగా ఇక్కడ వాడలేం.

ఈ ఎరుకతో అమెరికా జాబితా తెరిస్తే మొదట కనిపించేది ఫారినర్ బృందం ‘వెయిటింగ్ ఫర్ ఎ గర్ల్ లైక్ యూ’. 1981 నవంబరు చివర రెండో స్థానానికి వచ్చి, పది వారాలు అక్కడే ఉంది. తొమ్మిది వారాలు దాని పైన ఒలీవియా న్యూటన్-జాన్ ‘ఫిజికల్’. ఆ పాట దిగగానే ఫారినర్‌కు దారి దొరకాలి. దొరకలేదు. హాల్ అండ్ ఓట్స్ ‘ఐ కాంట్ గో ఫర్ దట్’ పక్క నుంచి వచ్చి పైకెక్కింది. పదో వారం కూడా అలాగే గడిచింది. రెండో స్థానంలో ఇన్నాళ్లు గడిపి మొదటిది కాలేకపోవడం రికార్డయింది. రెండు దశాబ్దాల తర్వాత మిస్సీ ఎలియట్ ‘వర్క్ ఇట్’, ఎమినెమ్ ‘లూజ్ యువర్‌సెల్ఫ్’ వెనక పది వారాలు నిలిచి దానితో సమానమైంది.

అభిమానుల ఓటింగులో ఫారినర్ పాటకు పెట్టుబడి ఈ పది వారాలే. పాటగా అది బాగుంటుంది. అప్పటికి ఇంకా పేరు రాని థామస్ డాల్బీ సింథసైజర్ మీద వేసిన మంచుపొర లాంటి ఆరంభం ఇప్పటికీ చెవిలో నిలుస్తుంది. కానీ ఎక్కువకాలం కాచుకున్నందుకు దాన్ని దశాబ్దపు మేటి అనడం నాకు ఒప్పదు. ఎన్ని వారాలు ఆగిందన్నది పైన ఉన్న పాట బలం గురించి చెబుతుంది. కింద ఉన్న పాట గురించి చెప్పేది, అన్ని వారాలూ జనం దాన్ని వదల్లేదన్నంత వరకే. పైగా ఇదే బృందం 1985లో ‘ఐ వాంట్ టు నో వాట్ లవ్ ఈజ్’తో మొదటి స్థానం అందుకుంది.

1982 వసంతం మరో ముచ్చట. జర్నీ బృందం ‘ఓపెన్ ఆర్మ్స్’ ఆరు వారాలు రెండో స్థానంలో ఉంది. మొదట జె. గైల్స్ బ్యాండ్ ‘సెంటర్‌ఫోల్డ్’ వెనక, ఆపైన జోన్ జెట్ ‘ఐ లవ్ రాక్ ఎన్ రోల్’ వెనక. అది దిగాక అదే జోన్ జెట్ పాట వెనక మూడు వారాలు గో-గోస్ ‘వి గాట్ ది బీట్’. సొంతంగా పాటలు రాసుకుని, సొంతంగా వాయించుకునే ఆడవాళ్ల బృందం అమెరికా ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లడం అప్పుడే తొలిసారి. ఆ బృందాన్ని సింగిల్స్‌లో ఆపింది గిటార్ పట్టిన మరో ఆడమనిషి. దీన్ని అన్యాయం అనగలమా? ఆ వేసవిలోనే టోటో ‘రోసానా’ ఐదు వారాలు రెండోదిగా ఉండిపోయి, మరుసటి ఏడాది గ్రామీల్లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్ గెలుచుకుంది. చార్టు ఇవ్వనిది మరొకరు ఇచ్చేశారు కాబట్టో ఏమో, ‘రోసానా’ గురించి అభిమానుల్లో ఆవేశం అంతగా కనపడదు.

అసలు సంగతంతా 1984లో ఉంది. ఆ ఒక్క ఏడాదిని జాగ్రత్తగా చూస్తే అన్యాయం అనే వాదన ఎందుకు నిలబడదో తెలుస్తుంది.

ఆ మార్చిలో వాన్ హేలెన్ ‘జంప్’ పైన ఉండగా, దాని కింద రెండో స్థానంలోకి ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన పాటలు చూడండి. ముందు జర్మన్ బృందం నేనా వారి ‘99 లుఫ్ట్‌బలాన్స్’. గాలిబుడగలను శత్రువులుగా పొరబడి సైన్యాలు యుద్ధం తెచ్చుకునే కథ అది. అమెరికన్లు మాట అర్థం కాకుండానే జర్మన్ పాటను అంత ఎత్తుకు తీసుకెళ్లారు. బ్రిటన్‌లో ఇంగ్లిష్ రూపం మొదటి స్థానం గెలుచుకుంది. నేనా వెనకే సిండీ లాపర్ ‘గర్ల్స్ జస్ట్ వాంట్ టు హావ్ ఫన్’. రాబర్ట్ హజార్డ్ అనే మగవాడు మగవాడి వైపు నుంచి రాసుకున్న పాటను ఆమె తీసుకుని, మాటలు మార్చి, ఆడపిల్లల నోట పెట్టింది. ఆ మార్పు లేకపోతే ఆ పాటను ఇవాళ ఎవరూ తలుచుకోరు. అదే వసంతంలో రాక్‌వెల్ ‘సమ్‌బడీస్ వాచింగ్ మీ’ కూడా రెండు దగ్గరే ఆగింది. మైకేల్ జాక్సన్ పేరు వేసుకోకుండా అందులో పల్లవి అందుకున్నాడు.

వేసవిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ వంతు. ‘బార్న్ ఇన్ ది యూఎస్‌ఏ’ ఆల్బమ్ దాదాపు పూర్తయ్యాక మేనేజర్ జాన్ లాండావ్ హిట్ అయ్యే సింగిల్ ఒకటి కావాలని పట్టుబడితే రాసిన పాట ‘డ్యాన్సింగ్ ఇన్ ది డార్క్’. నాలుగు వారాలు రెండో స్థానం. మొదటి వారం డ్యూరాన్ డ్యూరాన్ ‘ది రిఫ్లెక్స్’ పైన ఉంది. తర్వాత ప్రిన్స్ ‘వెన్ డవ్స్ క్రై’ వచ్చింది. బేస్ గిటారే లేకుండా కట్టిన ఆ పాట బిల్‌బోర్డ్ లెక్కలో ఆ ఏడాదికే మొదటి పాట. స్ప్రింగ్‌స్టీన్ తన పేరు మీద పాడిన పాట ఏదీ ఇప్పటిదాకా హాట్ 100లో మొదటిది కాలేదు. ఆయన రాసిన ‘బ్లైండెడ్ బై ది లైట్’ మాత్రం 1977లో మాన్‌ఫ్రెడ్ మాన్స్ ఎర్త్ బ్యాండ్ గొంతులో పైకి చేరింది. అందుకే ఓటింగుల్లో ‘డ్యాన్సింగ్ ఇన్ ది డార్క్’కు ఎప్పుడూ పెద్ద బలగం ఉంటుంది.

నవంబరుకు వద్దాం. స్ప్రింగ్‌స్టీన్‌ను ఆపిన ప్రిన్స్ ఇప్పుడు ‘పర్పుల్ రెయిన్’తో రెండో స్థానంలో ఉన్నాడు. పైన వామ్ బృందం ‘వేక్ మీ అప్ బిఫోర్ యూ గో-గో’. డిసెంబరులో వామ్ వంతు వచ్చింది. బ్రిటన్‌లో వాళ్ల ‘లాస్ట్ క్రిస్మస్’ రెండో స్థానంలో ఆగిపోయింది. పైన ఇథియోపియా కరవు బాధితుల కోసం కళాకారులంతా చేరి పాడిన బ్యాండ్ ఎయిడ్ ‘డూ దే నో ఇట్స్ క్రిస్మస్?’. ఆ బృందగానంలో జార్జ్ మైకేల్ గొంతూ ఉంది, అంటే తన పాటను ఆపిన పాటలో తనూ పాడాడు. ‘లాస్ట్ క్రిస్మస్’ మీద వచ్చిన రాయల్టీలను కూడా వామ్ ఆ కరవు సహాయానికే ఇచ్చేసింది. బ్యాండ్ ఎయిడ్ పాటను బాబ్ గెల్డాఫ్‌తో కలిసి రాసింది ఎవరు? మిడ్జ్ యూర్. అల్ట్రావాక్స్ గాయకుడు. 1981లో ‘వియన్నా’తో నాలుగు వారాలు రెండో మెట్టు మీద నిలబడ్డ మనిషి.

డోల్చే యూర్‌ను ఆపాడు, యూర్ రాసిన పాట వామ్‌ను ఆపింది, వామ్ ప్రిన్స్‌ను ఆపింది, ప్రిన్స్ స్ప్రింగ్‌స్టీన్‌ను ఆపాడు. ఈ గొలుసులో దొంగ ఎవరు? ఎవరూ లేరు. ఒకరోజు ఆగినవాడే మరోరోజు ఆపినవాడు. ఒక వారానికి ఒక్క పాటే పైన ఉండగలదు. మంచి పాటలు ఎక్కువగా వచ్చే రోజుల్లో మంచివే ఎక్కువగా రెండో స్థానంలో మిగులుతాయి. 1980ల రన్నరప్ జాబితా ఇంత బలంగా ఉండటానికి కారణం ఇదేనని నా నమ్మకం. దశాబ్దం మొదటి సగంలో ఎంటీవీ వచ్చింది, బ్రిటన్ బృందాలు అమెరికా ఇళ్లలోకి నేరుగా ప్రవేశించాయి, ఒకే ఆల్బమ్‌ నుంచి ఐదారు సింగిల్స్ తీయడం అలవాటైంది. ‘బార్న్ ఇన్ ది యూఎస్‌ఏ’ ఒక్కదాన్నుంచే ఏడు పాటలు అమెరికా టాప్ టెన్‌లోకి వచ్చాయి. పైభాగంలో ఆ ఒత్తిడికి ఎవరో ఒకరు ఆగక తప్పదు.

ఒత్తిడి సొంత ఇంట్లోంచి కూడా రావచ్చు. 1985 ఆగస్టులో బ్రిటన్‌లో మడోనా ‘హాలిడే’ రెండో స్థానంలో ఉంటే పైన ఉన్నది మడోనా ‘ఇంటు ది గ్రూవ్’. అదే ఏడాది టియర్స్ ఫర్ ఫియర్స్ ‘ఎవ్రిబడీ వాంట్స్ టు రూల్ ది వరల్డ్’ బ్రిటన్‌లో రెండు దాటలేదు, అమెరికాలో మొదటిదైంది. క్వీన్ ‘రేడియో గా గా’, స్ట్రాంగ్లర్స్ ‘గోల్డెన్ బ్రౌన్’ కూడా బ్రిటన్ రెండో మెట్టువే. ‘ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్’ను 1987 క్రిస్మస్‌కు పెట్ షాప్ బాయ్స్ ‘ఆల్వేస్ ఆన్ మై మైండ్’ ఆపింది. ఐర్లండ్‌లో మాత్రం అదే పాట ఆ ఏడాదే మొదటి స్థానం అందుకుంది. కాబట్టి ఓటింగు పెట్టేవాళ్లు ముందుగా తేల్చాల్సింది ఏ దేశపు చార్టన్నది. అది చెప్పకుండా దశాబ్దం మేటి రన్నరప్ అంటే సగం మంది ఒక జాబితాను, సగం మంది మరో జాబితాను తలుచుకుంటారు.

అన్యాయం అన్న మాట నిజంగా సరిపోయే సందర్భం పాప్ చరిత్రలో లేకపోలేదు, అయితే అది అంతకు ముందు దశాబ్దంలో ఉంది. 1977లో రాణి సింహాసనమెక్కిన రజతోత్సవాల వేళ సెక్స్ పిస్టల్స్ ‘గాడ్ సేవ్ ది క్వీన్’ను బీబీసీ నిషేధించింది. కొన్ని దుకాణాలు అమ్మనే లేదు. అధికారిక చార్టులో రాడ్ స్టూవర్ట్ వెనక రెండో స్థానం దక్కింది, ఎన్‌ఎంఈ పత్రిక తన చార్టులో దాన్ని మొదట నిలిపింది. జనం వినకుండా అడ్డుపడ్డ పాటకు వేసే ఓటులో న్యాయం కోసం తపన ఉందంటే ఒప్పుకుంటాను. ‘వియన్నా’కు అలాంటిదేమీ జరగలేదు. జనం నవ్వుకోవాలనుకున్న మూడు వారాల్లో నవ్వుకున్నారు, అంతే. 1967లో బీటిల్స్ ‘పెన్నీ లేన్’, ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ జంట రికార్డును ‘రిలీజ్ మీ’తో ఆపిన ఎంగెల్బర్ట్ హంపర్డింక్‌ను (మద్రాసులో పుట్టినవాడు, అసలు పేరు ఆర్నల్డ్ జార్జ్ డోర్సీ) ఇప్పటికీ తప్పుచేసినవాడిలా చూసే అభిమానులున్నారు. ఆయన చేసిందల్లా ఎక్కువమంది కొన్న పాట పాడటం.

ఓటు వేసే పద్ధతిని బట్టి ఫలితం ఎలా మారుతుందో కూడా చూడాలి. మనిషికి ఒక్క ఓటు అంటే, గట్టి అభిమాన బలగం ఉన్న ఒకే పాట ఉన్న కళాకారుడికి లాభం. మడోనాకు ఈ దశాబ్దంలో అమెరికా రెండో స్థానాలు నాలుగున్నాయి: ‘మెటీరియల్ గర్ల్’, ‘కాజింగ్ ఎ కమోషన్’, ‘ఎక్స్‌ప్రెస్ యువర్‌సెల్ఫ్’, ‘చెరిష్’. ఒక్క ఓటు పద్ధతిలో ఆమె అభిమానులు నాలుగు చోట్లకు చీలిపోతారు. ఒక్కటే ఉన్న స్ప్రింగ్‌స్టీన్ వైపు ఓట్లన్నీ ఒకచోట పడతాయి. ఇద్దరి బలగం సమానమైనా ఫలితం సమానం కాదు.

పాటలను జంటలుగా పెట్టి ఓడినదాన్ని తీసేసే నాకౌట్ పద్ధతి అభిమానులకు ఇష్టం, రోజుకో పోటీ జరుగుతుంది కాబట్టి. కానీ ఇందులో ఒక చేదు ఉంది. మొదటి రౌండులోనే ‘పర్పుల్ రెయిన్’తో జతపడ్డ పాట ఎంత మంచిదైనా ఇంటికి పోతుంది. పక్కన ఎవరు పడ్డారన్న అదృష్టం మీద బతుకు ఆధారపడటం, ఈ పాటలకు ఆ రోజుల్లో చార్టులో తగిలిన దెబ్బే. దాన్ని సరిదిద్దుతామని మొదలుపెట్టిన ఓటింగు మళ్లీ అదే దెబ్బ కొట్టకూడదు. ఆస్ట్రేలియాలో ట్రిపుల్ జే రేడియో 1989 నుంచి నడుపుతున్న హాటెస్ట్ 100లో శ్రోత ఒక్కొక్కరు పది పాటలు ఎంచుకుంటారు. రన్నరప్‌ల ఓటింగుకు నాకు ఇదే దారి సరైనదనిపిస్తుంది. పది పాటలు ఎంచుకోవాల్సి వస్తే మనసులోని మొదటి కోపం మూడు నాలుగు పేర్లతోనే తీరిపోతుంది. మిగతా చోట్లు నింపడానికి మనిషి మళ్లీ పాటలు వినాల్సి వస్తుంది.

మరో బరువు పాటకు కాలం కలిపేది. ‘ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్’, ‘లాస్ట్ క్రిస్మస్’ ప్రతి డిసెంబరులోనూ తిరిగి వస్తాయి, కొత్త తరాలకు పరిచయమవుతాయి. ఏడాదికోసారి పండగ పేరుతో వినిపించే పాటకూ, రేడియోలో అరుదుగా వచ్చే పాటకూ మధ్య పోటీ సమానం కాదు. 2021 జనవరి 1న ‘లాస్ట్ క్రిస్మస్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. విడుదలైన 36 ఏళ్లకు. అప్పటిదాకా మొదటి స్థానం చేరకుండానే బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడైన సింగిల్ అదే. 2023లో, 2024లో క్రిస్మస్ వారపు మొదటి పాట కూడా అయింది. అప్పుడు దాన్ని 1980ల రన్నరప్‌లలోంచి తీసేయాలా? కొందరు తీసేస్తున్నారు. ఉంచాలనే నేనంటాను. ప్రశ్న ఆ దశాబ్దం గురించి. 1984లో కొన్నవాళ్ల లెక్కను స్ట్రీమింగ్ కాలపు లెక్క తుడిచేయలేదు. పైగా ఆ రెండు లెక్కలు వేర్వేరు పనులను కొలుస్తాయి. అప్పుడు ఒకసారి డబ్బిచ్చి కొంటే ఒక అంకె, ఇప్పుడు విన్న ప్రతిసారీ ఒక వంతు.

ఇంత చెప్పాక నా ఓటు ఎటో చెప్పడం ధర్మం. బ్రిటన్ జాబితాలో ‘వియన్నా’ కన్నా ‘ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్’ను పైన పెడతాను. ‘వియన్నా’ అందమైన ధ్వని, ఆ గంభీరత కట్టిపడేస్తుంది, కానీ అందులో మనిషి లోపలికి వెళ్లే దారి ఇరుకు. పోగ్స్ పాటలో తాగుడు, వలస, చెడిపోయిన కలలు, ఒకరినొకరు తిట్టుకుంటూనే వదల్లేని ఇద్దరు ఉన్నారు. దాన్ని ఆపిన పెట్ షాప్ బాయ్స్ పాట కూడా నాకు ఇష్టమే. ఆ రెండూ పక్కపక్కన ఉన్న వారం బ్రిటన్ చార్టుకు మంచి వారం.

అమెరికా జాబితాలో నా మొదటి ఓటు ‘పర్పుల్ రెయిన్’కు. సువార్త కీర్తన, రాక్, పల్లెటూరి బల్లాడ్ మూడూ కలిసిన ఆ పాట చివరి గిటార్ వరసకు వచ్చేసరికి మాటల అవసరం తీరిపోతుంది. రెండో ఓటు ‘గర్ల్స్ జస్ట్ వాంట్ టు హావ్ ఫన్’కు, ఒకరి పాటను మరొకరు తమదిగా మార్చుకోవడం ఎంత దూరం వెళ్లగలదో అది చూపింది కాబట్టి.

మూడో ఓటు ఎడ్డీ గ్రాంట్ ‘ఎలక్ట్రిక్ అవెన్యూ’కు. ఈ పాటను ఓటింగుల్లో పైభాగాన నేను అరుదుగా చూశాను. గయానాలో పుట్టి లండన్‌లో పెరిగిన గ్రాంట్, 1981లో బ్రిక్స్‌టన్‌లో నల్లజాతి యువకులకూ పోలీసులకూ మధ్య చెలరేగిన అల్లర్ల నేపథ్యంలో దీన్ని రాశాడు. ఎలక్ట్రిక్ అవెన్యూ ఆ పేటలోని అంగడి వీధి. లండన్‌లో కరెంటు దీపాలు పెట్టుకున్న తొలి అంగడి వీధుల్లో ఒకటి కాబట్టి ఆ పేరు. నిరుద్యోగం, ఆకలి, వీధిలో రగిలే కోపం, ఇవన్నీ కాళ్లు ఆగనివ్వని లయలో పెట్టాడు. 1983లో ఈ పాట బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రెండో స్థానమే అందుకుంది. అమెరికాలో ఐదు వారాలు అక్కడ నిలిచింది, ముందు ఐరీన్ కారా ‘ఫ్లాష్‌డ్యాన్స్’ వెనక, తర్వాత పోలీస్ బృందం ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’ వెనక. రెండూ మంచి పాటలు, రెండూ జనం ఇప్పటికీ వినేవి. కోపం తెచ్చుకోవడానికి పైన ఎవరూ లేరు, కాబట్టి ఓటు అడగడానికి కథా లేదు. పాట మాత్రం ఉంది. పది పేర్లు రాసే అవకాశం ఉన్న ఓటింగు ఎక్కడ కనిపించినా దాని పేరు రాస్తున్నాను, మిగతావాళ్లనూ ఒకసారి విని రాయమంటున్నాను.